పీఎల్‌సీతో మోటార్ నడపాలంటే రిలే, కాంటాక్టర్ ఎలా ఎంచుకోవాలి?

పీఎల్‌సీ (యంత్రాలను ప్రోగ్రామ్‌తో నడిపే చిన్న కంప్యూటర్) ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ సాధారణంగా 24 వోల్టుల డీసీ, అర ఆంపియరు వరకే ఇస్తుంది. దానికి 230 వోల్టుల ఏసీ కాంటాక్టర్ (మోటార్ కరెంట్‌ని ఆన్-ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్ నేరుగా తగిలిస్తే పీఎల్‌సీ అవుట్‌పుట్ కార్డు పోతుంది. అందుకే మధ్యలో 24 వోల్టుల కాయిల్ ఉన్న చిన్న రిలే పెట్టి, దాని కాంటాక్ట్‌తో కాంటాక్టర్ కాయిల్‌ని ఆన్ చేయించాలి. కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బ కార్డుకి తగలకుండా రిలే కాయిల్‌కి అడ్డంగా డయోడ్ మర్చిపోవద్దు, దాని ఖరీదెంతని!

ఇక కాంటాక్టర్. చాలామంది పొరపడేది ఇక్కడే: డబ్బా మీద 25 ఆంపియర్లు అని పెద్దగా కనిపిస్తే అది ఏసీ-1 రేటింగ్ (లోడ్ రకాన్ని బట్టి ఇచ్చే రేటింగుల్లో ఒకటి) కావచ్చు, అంటే హీటర్ లాంటి లోడ్‌కి. మోటార్‌కి చూడాల్సింది ఏసీ-3. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటార్ 415 వోల్టుల దగ్గర సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఏసీ-3లో 9 ఆంపియర్ల కాంటాక్టర్ సరిపోతుంది, నేనైతే 12 వేస్తాను. మాటిమాటికీ ఇంచింగ్ (కొద్దికొద్దిగా కదిలించి ఆపడం) చేసే క్రేన్ లాంటిదైతే ఏసీ-4 చూడండి.

ఓవర్‌లోడ్ రిలేని (మోటార్ ఎక్కువ కరెంట్ తీసుకుంటే ఆపేది) మోటార్ నేమ్‌ప్లేట్ కరెంట్‌కి సెట్ చేసి, దాని ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్ట్‌ని కాంటాక్టర్ కాయిల్‌తో సిరీస్‌లో కలపండి. ఫార్వర్డ్-రివర్స్ ఉంటే ప్రోగ్రామ్‌లో ఇంటర్‌లాక్ (రెండు కాంటాక్టర్లూ ఒకేసారి ఆన్ కాకుండా ఆపే ఏర్పాటు) ఒక్కటే చాలదు, వైరింగ్‌లోనూ ఉండాలి.