ఓవెర్న్ అగ్నిపర్వతాలు: ఉత్తరం నుంచి దక్షిణానికి ఎలా చూడాలి

ఫ్రాన్స్ నడిమధ్యన ఓవెర్న్ ప్రాంతంలో, క్లెర్మోన్-ఫెరాన్ నగరానికి పడమట, ఎనభై దాకా అగ్నిపర్వతాలు ముప్పై కిలోమీటర్ల పొడవున ఉత్తర దక్షిణాలుగా వరస కట్టి ఉంటాయి. వీటిని షెన్ దె పుయ్, అంటే పుయ్‌ల వరస అంటారు. పుయ్ అంటే ఇక్కడ అగ్నిపర్వతపు కొండ. పక్కనే ఉన్న లిమాన్య్ భ్రంశంతో (నేల పగిలి కుంగిన చోటు) కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణంగా వెళితే సాన్సీ కొండలు, ఇంకా దిగువన కాంతాల్ పర్వతాలు వస్తాయి.

ఈ మూడింటినీ ఈ వరసలోనే చూడండి. ఈ మూడింటిలో ఉత్తరాన ఉన్నవి వయసులో చిన్నవి. దాదాపు 95,000 ఏళ్ల క్రితం మొదలై, 8,400 ఏళ్ల క్రితం దాకా పేలాయి. సాన్సీ వయసు లక్షల ఏళ్లు. కాంతాల్ 1.3 కోట్ల ఏళ్ల క్రితం మొదలై, సుమారు 30 లక్షల ఏళ్ల క్రితం చల్లారింది. చెక్కుచెదరని శంకువుతో మొదలుపెట్టి, మంచునదులు కోసిన కొండను చూసి, చివరికి అరిగిపోయిన మహా అగ్నిపర్వతం దగ్గరికి చేరితే, కొండ వయసు ఎలా కనబడుతుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. తలకిందులుగా వెళితే కాంతాల్‌లో అందమైన పచ్చిక కొండలే కనబడతాయి, అగ్నిపర్వతం కనబడదు.

మన వైపు లావా చూసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా కొడుతుంది. వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల అడుగున ఉన్న నల్లరాయి, రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో తీసే రాయి కూడా లావాయే. కానీ అది దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పగుళ్లలోంచి పొంగి పొరలు పొరలుగా పరుచుకుంది. అందుకే అక్కడ శంకువులు లేవు. ఓవెర్న్‌లో దాదాపు ప్రతి పుయ్ ఒక్కసారి పేలి ఆగిపోయింది. ఒక్కోటి ఒక్కో ఆకారం.

ముందుగా చూసుకోవాల్సినవి

జూన్ నుంచి సెప్టెంబరు చివరిదాకా వెళ్లడం మంచిది. మే నెలలో కూడా సాన్సీ ఉత్తరపు వాలుల మీద మంచు ఉండొచ్చు, పుయ్ మారీ దారి మూసి ఉండొచ్చు. పారిస్ బెర్సీ స్టేషన్ నుంచి క్లెర్మోన్‌కు రైలులో మూడున్నర గంటలు పడుతుంది. అక్కడి నుంచి కారు తప్పనిసరి అనుకోండి. ఒక కొండ నుంచి ఇంకో కొండకు బస్సుల్లో తిరగాలంటే రోజులు బస్టాపుల్లోనే గడుస్తాయి. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి. ఆటోమేటిక్ కార్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. పల్లెల్లో గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిదే ముందు హక్కు. అది సందులోంచి వచ్చే ట్రాక్టరైనా సరే, ఆగాలి.

ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఐజీఎన్ వేసిన కాగితపు మ్యాపులు రెండు కొనండి: 2531ఈటీ షెన్ దె పుయ్‌కు, 2432ఈటీ సాన్సీకి. నడక దారుల్లో చెట్ల మీద, రాళ్ల మీద పసుపు గీత అంటే చిన్న దారి, తెలుపు-ఎరుపు అంటే దూరపు జీఆర్ దారి. గీతలు ఇంటూ మార్కులా ఉంటే దారి అటు కాదు, వెనక్కి రండి. ప్రమాదమైతే 112కు ఫోన్ చేయాలి.

పుయ్ ద డోమ్: పొద్దున్నే, పైనుంచి

మొదటి రోజు ఎక్కాల్సింది ఇదే, ఎత్తు 1,465 మీటర్లు. సొంత కార్లను పైకి వెళ్లనివ్వరు. 2012లో మొదలైన పళ్ల పట్టాల రైలు పావుగంటలో పైకి చేరుస్తుంది. నడవాలనుకుంటే కోల్ ద సేసా నుంచి షెమాన్ దే ముల్తియే అనే పాత రోమన్ దారి ఉంది. దాదాపు 390 మీటర్ల ఎక్కుడు, గంట పడుతుంది. వానలో ఆ రాళ్లు జారతాయి, చెప్పులతో వెళ్లకండి.

రైలులో ఎక్కి, ఉత్తరం వైపు షెమాన్ దే షెవ్ర్ దారిన కాలినడకన దిగడం నా దృష్టిలో అన్నిటికంటే మంచి పద్ధతి. దిగేటప్పుడు కళ్లెదురుగా వరసంతా ఉంటుంది. ఎక్కేటప్పుడైతే కొండకే ముఖం పెట్టి నడవాలి.

శిఖరం నగరం కన్నా వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు. కింద 25 డిగ్రీలుంటే పైన 18, గాలి వీస్తే ఇంకా చలి. పడమటి తడిగాలి మొదట తగిలేది ఈ కొండకే కాబట్టి తరచూ మబ్బు పట్టేస్తుంది. శరదృతువులో దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది: చల్లగాలి లోయలో పేరుకుని నగరమంతా పొగమంచులో మునిగితే, పైన ఎండ కాస్తుంటుంది. అందుకే హోటల్ కిటికీలోంచి చూసి మానుకోకండి, శిఖరం మీది వెబ్‌క్యామ్ చూసి నిర్ణయించుకోండి.

పైకి చేరగానే ఉత్తరపు అంచుకు వెళ్లండి. కాళ్ల కిందే చిన్న పుయ్ ద డోమ్, దాని బిలం పేరు నీ ద లా పూల్. ఆ తర్వాత పారియు. దాన్ని నిదానంగా చూడండి: పాత వెడల్పాటి బిలం అంచు ఒకటి, దాన్ని కప్పుతూ తర్వాత లేచిన శంకువు ఇంకొకటి, అందుకే రెండు అంచులు కనబడతాయి. ఇంకా అవతల సార్కూయీ బోర్లించిన బాన లాగా గుండ్రంగా ఉంటుంది, దానికి బిలమే లేదు. మీరు నిలబడ్డ కొండకూ లేదు. పల్చటి బసాల్ట్ లావా తుంపర్లుగా ఎగిరి పడితే గుల్ల రాళ్ల శంకువు, నడుమ బిలం ఏర్పడతాయి. ట్రాకైట్ లావా చిక్కన. పారలేక పుట్టిన చోటే గుట్టగా పేరుకుంటుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే వరసలో సగం కొండల్ని మీరే గుర్తుపడతారు.

పొద్దున్నే గానీ సాయంత్రం గానీ చూడండి. ఏటవాలు వెలుగులో బిలాల నీడలు పడి లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఫొటోల్లో ఇవన్నీ చదునైన పచ్చ మచ్చలుగా వస్తాయి.

శిఖరం మీద మెర్క్యురీ దేవుడి రోమన్ గుడి శిథిలాలున్నాయి. శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే 1648 సెప్టెంబరు 19న పాదరసపు గొట్టాన్ని ఈ కొండ మీదికి మోసుకొచ్చాడు. కింద కన్నా పైన పాదరసం దాదాపు 8 సెంటీమీటర్లు తగ్గింది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందని రుజువైన చోటు ఇది.

వాష్, లాసోలా: లోపలి నుంచి

పైనుంచి చూసింది చాలదు, ఒక అగ్నిపర్వతం లోపలికీ వెళ్లాలి. వరసకు దక్షిణపు కొసన ఉన్న పుయ్ ద లా వాష్, పుయ్ ద లాసోలా జంట దానికి సరైన చోటు. మోన్‌లోజియే పార్క్ కార్యాలయం దగ్గర కారు ఆపి, రెండూ చుట్టి రావడానికి రెండున్నర గంటలు పెట్టుకోండి.

ఈ రెండు శంకువులకూ ఒక పక్క గోడ లేదు. కిందినుంచి తన్నుకొచ్చిన లావా వదులుగా ఉన్న ఆ గోడను మోసుకుంటూ పారిపోయింది. అదే లావా దిగువన వేర్ వాగుకు అడ్డుపడడంతో ఎయిదా సరస్సు ఏర్పడింది. తెగిన వైపు దక్షిణం కాబట్టి మధ్యాహ్నపు ఎండ నేరుగా లోపలి గోడ మీద పడుతుంది. పుయ్ ద డోమ్‌కు పనికిరాని వేళ దీనికి బాగా పనికొస్తుంది. ఒక రాయిని దగ్గరగా చూడండి: గ్యాస్ బుడగలు వదిలిన రంధ్రాలు, చేతిలోకి తీసుకుంటే అనుకున్నంత బరువుండదు. వేడిగా ఉండగా ఇనుము గాలితో కలిసినచోట ఎరుపు, కలవనిచోట నలుపు. చూసి అక్కడే పెట్టేయండి.

చెక్క మెట్లు, కంచెలు దాటకండి. గుల్ల రాళ్ల మీద మట్టి చాలా పల్చన. పది మంది అడ్డదారిన దిగితే గడ్డి ఊడుతుంది, తర్వాతి వాన అక్కడ గాడి కోస్తుంది, ఏటేటా అది లోతవుతుంది. పారియులోనూ ఇదే బాధ. అక్కడ అంచు చుట్టూ నడిచి రండి, బిలంలోకి దిగకండి.

సాన్సీ, పావాన్

మోన్-డోర్ నుంచి కేబుల్ కారెక్కి, ఆపైన చెక్క మెట్ల మీద ఇరవై నిమిషాలు నడిస్తే పుయ్ ద సాన్సీ, 1,886 మీటర్లు. ఆ చుట్టుపక్కల ఇంతకు మించిన ఎత్తు లేదు. గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆపేస్తారు, బయల్దేరే ముందు కనుక్కోండి. అక్కడి నుంచి కోల్ ద గెరీ వైపు వస్తే రోడ్డు పక్కనే త్యుయిలియేర్, సనదోయిర్ రాళ్లు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. నడుమ లోయను తవ్వింది మంచునది. త్యుయిలియేర్ రాయి పలకలుగా విడిపోతుంది కాబట్టి దాన్ని ఇళ్లపై కప్పుకు వాడేవారు. కారు ఆపితే పది నిమిషాల పని, కానీ వదలొద్దు.

బెస్ దగ్గరి పావాన్ సరస్సు దాదాపు గుండ్రం, లోతు 92 మీటర్లు. పైకొచ్చే లావాకు నీరు తగిలి పేలిన గుంత ఇది, సుమారు 7,000 ఏళ్ల నాటిది, సాన్సీ కన్నా చాలా తర్వాతిది. చుట్టూ నడక గంటలోపే.

పుయ్ మారీ

కాంతాల్‌లో పా ద పెరోల్ కనుమ దాకా కారు వెళుతుంది, ఎత్తు 1,588 మీటర్లు. అక్కడి నుంచి నిటారు మెట్ల దారి, అరగంట ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమే కష్టం, చేతికర్ర ఉండాలి. పైనుంచి చూస్తే లోయలన్నీ మీ కాళ్ల దగ్గరే మొదలై చక్రం ఆకుల్లా నలువైపులకీ విడిపోతాయి. దాదాపు 60 కిలోమీటర్ల వెడల్పున్న ఒకే అగ్నిపర్వతం నడిబొడ్డు ఇది. నడిమి శిఖరాన్ని మంచునదులు అరగదీశాయి, ఫోనోలైట్ అనే గట్టి లావా రాయి కాబట్టి పుయ్ గ్రియూ మాత్రం మొనదేలి మిగిలింది.

వేసవి సెలవుల్లో పదకొండు దాటితే కనుమలో కారుకు చోటు దొరకదు, తొమ్మిదికల్లా చేరండి. ఊళ్లలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు దాకానే. శాకాహారులు త్రుఫాద్ అడగొచ్చు, అది బంగాళాదుంప, పచ్చి చీజ్‌తో చేస్తారు. అయితే చాలాచోట్ల పంది మాంసం ముక్కలు వేస్తారు, 'సాన్ లార్దోన్, సాన్ జాంబోన్' అని ముందే చెప్పండి. కొండ మీద నీళ్ల కుళాయిలుండవు, మనిషికి లీటరున్నర పట్టుకెళ్లండి. పెట్రోలు కింద ఊళ్లోనే నింపుకోండి.