పగిలిన పంటికి వెనీర్ వేయించుకునే ముందు, వేయించుకున్న తర్వాత

వెనీర్ అంటే పంటి బయటివైపు అతికించే పలుచని పెంకు. పోర్సెలిన్‌తో (పింగాణీతో) చేసినదైతే దాని మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది. అది ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మీది సన్నని గీతను కప్పగలదు, విరిగిన అంచును పూరించగలదు. అంతేగాని లోపలిదాకా దిగిన చీలికను పట్టి ఉంచలేదు. లోతైన పగులు మీద వెనీర్ వేయించుకోవడం బీటవారిన గోడకు సున్నం కొట్టించినట్టే అవుతుంది. అందుచేత రంగు గురించీ ఖర్చు గురించీ అడగడానికి ముందు, పగులు ఎంతవరకు దిగిందో తేల్చుకోవాలి.

కొన్ని లక్షణాలు మనకే తెలుస్తాయి. కొరికినప్పటికంటే కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటున్నా, చల్లనీళ్లకు జివ్వుమన్నది చాలాసేపటిదాకా తగ్గకపోయినా, ఏ కారణమూ లేకుండా రాత్రిపూట పోటు వస్తున్నా, చిగురు మీద చీముపొక్కు లేచినా పగులు ఎనామెల్‌ను దాటిందని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదని నిశ్చింతగా ఉండకూడదు. చాలా పగుళ్లు అందులో కనబడవు. పంటికి ఒక పక్కనుంచి సన్నని దీపం వేసి చూస్తే, పైపై గీత ఉన్న పన్ను మొత్తం వెలుగుతుంది, లోతైన పగులు ఉంటే వెలుగు అక్కడే ఆగిపోతుంది. ఈ పరీక్షతోపాటు, ఒక్కొక్క పంటిమొనను విడివిడిగా కొరికించి చూడటం, చిగురుకూ పంటికీ మధ్య సందు లోతు కొలవడం కూడా చేశారా అని వైద్యుణ్ణి అడగండి.

నొప్పి లేని సన్నని గీతలకు చాలాసార్లు ఏ చికిత్సా అవసరం ఉండదు. అంచు కొద్దిగా విరిగితే, పంటిరంగులో ఉండే ప్లాస్టిక్ లాంటి పూరకమైన కాంపోజిట్‌తో ఒక్క పూటలో సరిచేయవచ్చు. విరిగిన ముక్క దొరికితే ఎండిపోనివ్వకుండా పాలలోనో నీళ్లలోనో వేసి తీసుకువెళ్లండి, కొన్నిసార్లు దాన్నే తిరిగి అతికిస్తారు. ముందు పంటి అంచు ఎక్కువగా విరిగినా, గీతలో మరక చేరి ఎబ్బెట్టుగా కనిపిస్తున్నా వెనీర్ తగిన మార్గం. నమలడానికి వాడే దవడ పన్ను పగిలితే మాత్రం దాన్ని చుట్టూ పట్టి ఉంచే క్యాప్ కావాలి. పగులు పంటి నరం దాకా పోతే ముందు రూట్ కెనాల్ చేయించాలి. వేరు నిలువునా చీలితే సాధారణంగా పన్ను తీయించక తప్పదు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వంటి ఫ్లోరైడ్ నీటి ప్రాంతాలలో పెరిగినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వారి పళ్ల మీది గోధుమరంగు చారలు పగుళ్లలా కనిపించవచ్చు. పైగా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు దెబ్బతినడం) సోకిన ఎనామెల్‌కు జిగురు పట్టించడం కష్టం కాబట్టి, వైద్యుడు అందుకు తగినట్టు సిద్ధం చేయవలసి ఉంటుంది.

పుచ్చుపళ్లకూ చిగుళ్ల జబ్బుకూ ముందే చికిత్స జరగాలి. పళ్లు తెల్లబరిపించుకోవాలనుకుంటే అది కూడా వెనీర్‌కు కనీసం రెండు వారాల ముందే పూర్తి కావాలి, ఎందుకంటే ఆ మందు ప్రభావం పంటిలో మిగిలి ఉంటే అతుకు బలహీనపడుతుంది. రంగును పగటి వెలుతురులో, పన్ను తడిగా ఉండగానే ఎంచుకోండి. ఆరిన పన్ను అసలు కంటే తెల్లగా కనిపిస్తుంది. తరువాత పోర్సెలిన్ కోసం పంటి ముందుభాగాన్ని కొద్దిగా అరగదీస్తారు. అరిగిన ఎనామెల్ మళ్లీ పెరగదు కనుక, ఒకసారి వెనీర్ వేయించుకున్న పంటికి జీవితాంతం ఏదో ఒక కప్పు ఉండవలసిందే. ఈ మాట వైద్యుడు చెప్పకపోయినా మీరే అడిగి, ఎంత అరగదీస్తారో తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

కొలత తీసుకున్నాక, ల్యాబ్ నుంచి వెనీర్ వచ్చేదాకా తాత్కాలిక తొడుగు వేస్తారు. అతికించే రోజున పంటి మీద కొన్ని సెకన్లు ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి కడుగుతారు. ఎనామెల్ గరుకుదేరి జిగురును పట్టుకునేలా చేసే ఈ పద్ధతిని 1955లో అమెరికా దంతవైద్యుడు మైకేల్ బునోకోర్ ప్రకటించారు. ఆ జిగురు నీలికాంతి పడగానే గట్టిపడుతుంది, ఆ తరువాత రంగు గానీ ఆకారం గానీ మార్చడం కుదరదు. అందుకని అంతకుముందే అద్దం అడిగి, నవ్వి, మాట్లాడి చూసుకోండి. చివరగా రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూస్తారు. మొహమాటపడి "బాగానే ఉంది" అనవద్దు. వెంట్రుకవాసి ఎత్తు ఎక్కువైనా ప్రతి కొరుకుకూ భారం దాని మీదే పడి, వెనీర్ పగలవచ్చు.

జాగ్రత్తగా వాడితే పోర్సెలిన్ వెనీర్ పదేళ్లకు పైగా నిలుస్తుంది. కాంపోజిట్ అంతకంటే త్వరగా అరిగి, టీకీ కిళ్లీకీ రంగు మారుతుంది. నిద్రలో పళ్లు నూరేవారు రాత్రిపూట నైట్ గార్డు (పళ్లకు తొడిగే రక్షణ తొడుగు) పెట్టుకోకపోతే ఏ వెనీరూ ఎక్కువకాలం ఆగదు. చెరకు, సకినాలు, ఐసుముక్కలు ముందు పళ్లతో కొరకడం, సీసా మూత పంటితో తీయడం మానుకోవాలి. బొగ్గుపొడి, ఉప్పు వంటి గరుకు పొడులతో రుద్దకుండా మెత్తని బ్రష్ వాడాలి. వెనీర్ ఊడి వస్తే ఇంట్లో ఉన్న జిగురుతో అతికించకండి. చిన్న డబ్బాలో పెట్టి, ఒకటి రెండు రోజుల్లోనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్తే, అది విరగకుండా ఉన్న పక్షంలో శుభ్రం చేసి తిరిగి వేసే అవకాశం ఉంటుంది.