గోపాల్‌పూర్‌కి మూడు విడతల్లో

చికున్‌గున్యా జ్వరం తగ్గి ఏడు నెలలైనా నా కీళ్ళ నొప్పులు వదల్లేదు. ఒకరోజు ఒళ్ళు తేలిగ్గా ఉంది కదా అని బరంపురం బజారు, గుడి, గోపాల్‌పూర్ సముద్రం అన్నీ ఒకే పూటలో చుట్టేశాను. ఆ రోజు ఏమీ తెలీలేదు. మూడో రోజు మంచం దిగలేకపోయాను. ఈ అలుపు అంతే, ఒకటి రెండు రోజులు ఆగి మరీ వస్తుంది. అందుకే ఇప్పుడు బయటికెళ్ళే ముందు రోజూ, తర్వాత రెండు రోజులూ కేలండర్లో ఖాళీగా ఉంచేస్తున్నాను. చుట్టాలొస్తామన్నా సరే, వద్దనేస్తాను. (ఆయాసం, గుండెదడ ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగండి.)

లెక్క తిరుగు ప్రయాణం నుంచి మొదలెట్టండి. ఆనుకోకుండా ఎంతసేపు కూర్చోగలరో ఇంట్లోనే చూసుకోండి. నాకది గంటన్నర. ఆటోలో రానూపోనూ గంట పోతే, సముద్రం దగ్గర మిగిలేది అరగంటే. మా ఆయనకిది మింగుడుపడదు, "ఇందుకా ఇంత దూరం వచ్చాం?" అంటారు. అననివ్వండి. ఆటో అతనితో వెయిటింగుకి ముందే మాట్లాడుకోవాలి. ఇంకో ఆటో కోసం ఎండలో నిలబడ్డామా, కూర్చున్న సుఖమంతా పోయినట్టే.

ఇలా లెక్కేసుకుని వెళ్ళిన మొదటిసారి నేను ఆటో దిగనే లేదు, టీ తాగి వచ్చేశాం. రెండోసారి గట్టు మీద కూర్చున్నాను. మూడోసారి ఇసకలోకి పదడుగులు వేశాను. ఇసకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండింతల పైనే శక్తి ఖర్చవుతుంది, నీళ్ళదాకా వెళ్ళి తీరాలని పట్టు పట్టకండి.

తారాతారిణి కొండ మీది గుడికి 999 మెట్లున్నా రోప్‌వే ఉంది, పర్వాలేదు. చైత్రమాసం మంగళవారాలు మాత్రం వద్దు, జాతర జనం. రంభలో చిలికా సరస్సు ఒడ్డున కూర్చోండి, పడవ ఎక్కకండి. పడవ బాగుంటుంది, కాదనను. మధ్యలో నడుం పట్టేస్తే ఎక్కడ దిగుతాం? లేవాలనిపించగానే లేచి రాలేని చోటికి ఇప్పట్లో నేను పోను. పెళ్ళిళ్ళలో కూడా గుమ్మం పక్క కుర్చీయే నాది.

నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, టోపీ, మడత కుర్చీ తీసుకెళ్ళండి. కుర్చీ మోసుకెళ్ళడానికి మొదట్లో సిగ్గేసింది. మొన్న గోపాల్‌పూర్లో వేరుశనక్కాయలమ్మే కుర్రాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "మౌసీ, కాసేపు నేను కూచోనా?" అన్నాడు. నేను గట్టు మీదికి జరిగాను.