సంగీత పాఠశాల వాద్యబృందంలో వాయించడం ఎలా?

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం వైపు వాద్యం నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది ఒంటరిగానే నేర్చుకుంటారు. మాస్టారి ఎదురుగా కూర్చుని, ఆయన వాయించింది తిరిగి వాయిస్తూ వర్ణాలు దాటి కృతుల్లోకి వస్తారు. అలాంటి విద్యార్థిని తీసుకొచ్చి నాలుగైదు వయొలిన్లు, మూడు వీణలు, రెండు వేణువుల మధ్య కూర్చోబెడితే, బాగా వాయించేవాళ్లే ముందు తడబడతారు. బృందానికి కావాల్సిన నేర్పు వేరు. పక్కవాళ్లని వింటూ, తన శబ్దం విడిగా తేలకుండా వాయించడం మామూలు పాఠంలో రాదు, దాన్ని విడిగా సాధన చేయాలి.

వాద్యబృందం మన నేలకి పరాయిదేమీ కాదు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు. మన రాగాలని అన్ని వాద్యాలకీ పంచి వాయించవచ్చని అలాంటివాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. పాఠశాల స్థాయిలో అదే పని చిన్నగా ఎలా చేసుకోవాలో చూద్దాం.

ముందు శ్రుతి తేల్చుకోండి

మొదటి రోజే తేలాల్సిన విషయం ఇది. శ్రుతి అంటే వాయించేవాళ్లు షడ్జంగా, అంటే 'స'గా, పెట్టుకునే స్థాయి. హార్మోనియంలో మొదటి తెల్ల మెట్టు ఒకటి శ్రుతి, తర్వాతి తెల్లది రెండు, వాటి మధ్య నల్లది ఒకటిన్నర. ఈ లెక్క అందరికీ తెలిసిందే. గొడవంతా ఎవరి ఇంటి శ్రుతి వాళ్లకి ఉండటంలో వస్తుంది. ఆడపిల్లల పాటకి పక్కన వాయించే వయొలిన్ ఐదు దగ్గర ఉంటుంది. వీణ రెండుకీ మూడుకీ మధ్య హాయిగా మోగుతుంది, దాన్ని ఐదుకి బిగించబోతే తీగ తెగుతుంది. వేణువు వెదురు ముక్క కాబట్టి దాని శ్రుతి మార్చే వీలే లేదు, ఘటం సంగతీ అంతే.

అందుకని బృందం శ్రుతి వీణకి అనుకూలంగా పెట్టి, వేణువు వాళ్లని సర్దుకోమనడం నయం. రెండు శ్రుతి అనుకుంటే, ఆరు శ్రుతి వేణువు మీద మధ్యమాన్ని (మ) షడ్జంగా పట్టుకుని వాయిస్తే సరిపోతుంది. కాకపోతే వేళ్ల లెక్క అంతా మారిపోతుంది, కొత్తగా నేర్చుకునేవాళ్లకి కష్టం. వాళ్లకి రెండు శ్రుతి వేణువే కొనివ్వడం మేలు. వయొలిన్ వాళ్లు స ప స ప తీగలు దించుకుంటే చాలు, అయితే మరీ వదులైతే నాదం పేలవంగా ఉంటుంది, కాస్త లావు తీగలు వేసుకోవాలి. మృదంగం తగ్గు శ్రుతిది తెచ్చుకోవాలి.

రోజూ వాయించే ముందు పది నిమిషాలు శ్రుతికే కేటాయించండి. ఎలక్ట్రానిక్ తంబురా పెట్టి, ముందు ఒక్క వీణ, తర్వాత మిగతా వీణలు, ఆ తర్వాత వయొలిన్లు ఒక్కొక్కటిగా. అందరూ ఒకేసారి బిరడాలు (తీగలు బిగించే మరలు) తిప్పితే ఎవరిది ఎవరికీ వినపడదు. ఫోన్ యాప్ చూసి సరిచేసుకోవచ్చు, తప్పులేదు, కానీ చివరి తీర్పు చెవిదే.

అందరిదీ ఒకే పాఠం కావాలి

అసలు పని ఇక్కడ ఉంది. ఒకే కృతిని ముగ్గురు మూడు ఊళ్లలో నేర్చుకుని వస్తారు. ఒకరికి పల్లవిలో నాలుగు సంగతులు (ఒకే వరసని కొద్దికొద్దిగా మార్చి వాయించే తీరులు), ఇంకొకరికి ఆరు. "మాస్టారూ, మాకు చెప్పిన పాఠం ఇలా కాదండీ" అనే మాట మొదటి వారం నాలుగుసార్లైనా వినపడుతుంది. "నీ పాఠం తప్పు కాదమ్మా, కచేరీలో అదే వాయించుకో, ఇక్కడ మాత్రం ఇది" అని మాస్టారు చెప్పి, ఒక స్వరలిపి రాయించి, అందరి చేతా అదే నోటుబుక్కులో ఎక్కించాలి. త్యాగరాజ ఆరాధన నాడు వందమంది కలిసి పంచరత్నాలు పాడగలుగుతున్నారంటే, అందరూ ఒకే పాఠానికి ఒప్పుకోబట్టే.

స్వరలిపి ఒక్కటైనంత మాత్రాన వినడానికి ఒక్కటిగా ఉండదు. తోడి గాంధారాన్నే తీసుకోండి. వైణికుడు తీగని పక్కకి లాగి కదిలిస్తాడు, వయొలిన్ మీద వేలు జారుతుంది, వేణువులో ఊపిరితోనూ వేలితోనూ వస్తుంది. మూడింటి కదలిక వెడల్పూ, వేగమూ వేరు. పదిమంది కలిపి వాయిస్తే రాగం మసకబారుతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటి ఏడాది హంసధ్వని, మోహన, కదనకుతూహలం లాంటి, స్వరాలు తేటగా నిలిచే రాగాలు ఎంచుకోవడం ఒకటి. గమకం (స్వరాన్ని కదిలించి వాయించడం) బరువున్న ముక్కని ఒకే రకం వాద్యానికి అప్పగించి, మిగతావాళ్లు ఊరుకోవడమో, సన్నగా షడ్జ పంచమాలు పట్టుకోవడమో రెండోది. నా లెక్కలో రెండోదే అసలు వాద్యబృందం. అందరూ మొదటి నుంచి చివరి దాకా గొంతు కలిపితే అది భజన అవుతుంది.

ఒక కృతిని ఇలా పంచుకోవచ్చు: పల్లవి మొదటి సంగతి వీణలు మాత్రమే వాయించాలి, రెండోదానికి వేణువులు, మూడోదానికి వయొలిన్లు చేరాలి. అనుపల్లవిలో వేణువు ముందు, వీణలు కేవలం తాళం దెబ్బల మీద మీటు. చరణంలో వయొలిన్లు రెండు జట్లుగా చీలి, ఒక జట్టు మధ్య స్థాయిలో, ఇంకోటి మంద్రంలో. చిట్టస్వరం (కృతికి ముందే కట్టి ఉంచిన స్వరాల వరస) ఒకసారి సగం సగం సవాల్ జవాబుగా, రెండోసారి అంతా కలిసి. వీలైతే ఒక వయోలా (వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది) సంపాదించండి. మన బృందాల్లో కింది నాదం తక్కువ, ఆ లోటు అది తీరుస్తుంది. 1930లో మన కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు వయోలా కూడా వాయించేవారు.

వయొలిన్ వాళ్లకి ఇంకో పని ఉంది: కమాను, అంటే వయొలిన్ వాయించే విల్లు. ఏ సంగతి పైకి మొదలుపెట్టాలో, ఏది కిందికో పెన్సిల్‌తో బాణం గుర్తు వేసుకోవాలి. నలుగురి కమాన్లు నాలుగు దిక్కులకి పోతే చూడ్డానికే కాదు, వినడానికీ తేడా తెలుస్తుంది, ఎందుకంటే మొదటి ఒత్తిడి ఒక్కచోట పడదు.

లయ పరుగెత్తకుండా

ఆదితాళం ఎనిమిది అక్షరాలు అందరికీ వచ్చు. కానీ చేతులు వాద్యం మీద ఉంటే తాళం వేయడం కుదరదు, ఎవరికి వాళ్లు లోపల లెక్కపెట్టుకోవాలి. కాలు ఆడించడం మంచిదే, కానీ చెక్క స్టేజి మీద మడమ కొడితే మైకు దాన్ని కూడా అందుకుంటుంది. కాలి బొటనవేలు చాలు. ఎత్తుగడ (పాట మొదలయ్యే చోటు) తాళం మొదలైన అర అక్షరం తర్వాత ఉన్న కృతుల్లో అందరూ ఒకేసారి ఎత్తుకోవాలంటే ఒకరు సైగ చేయాలి. ఆ బాధ్యత మొదటి వయొలిన్‌దో, మొదటి వీణదో ముందే తేల్చి, మిగతావాళ్లు కాగితం మీద నుంచి కళ్లు పైకెత్తడం అలవాటు చేసుకోవాలి.

మృదంగం విద్యార్థికి ఒక మాట: ముక్తాయి (ముగింపుకి వేసే లయ లెక్క) ఏదో ఒకటి ఖాయం చేసుకుని, రిహార్సల్‌లో వాయించిందే స్టేజి మీదా వాయించాలి. ఆ రోజు సరదా పుట్టి కొత్త లెక్క వేస్తే వెనక పదిమంది ఎక్కడ దిగాలో తెలియక బిక్కమొహం వేస్తారు. లెక్కలన్నీ తని ఆవర్తనంలో, అంటే లయ వాద్యాలే విడిగా వాయించే భాగంలో, చూపించుకోవచ్చు.

మన గాలి, మన తేమ

డెల్టాలో ఇది చిన్న విషయం కాదు. వానాకాలం తేమకి మృదంగం తోలు సడలి శ్రుతి దిగిపోతుంది, ఏసీ హాల్లోకి వెళ్లగానే బిగుసుకుని పైకి పోతుంది. కాబట్టి కార్యక్రమానికి కనీసం గంట ముందు వాద్యాలని హాల్లోనే పెట్టి, అక్కడి గాలికి అలవాటు పడ్డాక శ్రుతి చేయాలి. వయొలిన్ బిరడాలు తేమకి ఉబ్బి కదలవు, పొడి గాలికి జారిపోతాయి. జారితే కాస్త సుద్ద రాయండి. కమాను వెంట్రుకలు వాయించడం అయిపోయాక వదులు చేయడం మరవొద్దు. సముద్రం దగ్గర ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి, ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి.

వీణకి శత్రువు ఎండ. మెట్లు మైనంలో పొదిగి ఉంటాయి కాబట్టి, మూసిన కారులో మే నెల మధ్యాహ్నం వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వచ్చే పిల్లలు వీణని బళ్ల మధ్య నిలబెట్టకుండా పడుకోబెట్టి, పక్కనే కూర్చోవాలి. రోజూ మోయలేనివాళ్లు పాఠశాల వీణ మీద సాధన చేయడమే మంచిది.

స్టేజి మీద

శ్రీరామనవమి పందిళ్లలో రెండు మైకులే దొరుకుతాయి. అలాంటప్పుడు వీణలకి ఒకటి, వేణువుకి ఒకటి ఇచ్చి, వయొలిన్లని వాటి దగ్గరగా అర్ధచంద్రంలో కూర్చోబెట్టండి. మృదంగం అందరికీ కనపడేలా కుడి పక్కన, మైకు లేకుండా. మైక్ సెట్ అతను ఎకో పెంచుతాడు, అది ఆయన సంతోషం. ముందే వెళ్లి "బాబాయ్, ఎకో పూర్తిగా తీసేయండి" అని అడిగి, పిల్లల్లో ఒకరిని ఆయన పక్కనే నిలబెట్టండి.

చివరి వరసలో ఎవరో ఒకరి ఫోన్‌లో మొత్తం రికార్డ్ చేయించండి. ఆ రాత్రే వినొద్దు, అప్పుడు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. తర్వాతి రిహార్సల్‌లో నోటుబుక్కు ముందు పెట్టుకుని అందరూ కలిసి వినండి. ఎక్కడ కాలం పరుగెత్తిందో, ఏ సంగతిలో వయొలిన్లు వీణని ముంచేశాయో ఆ వరస పక్కనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ రోజు సాధన అక్కడి నుంచే మొదలుపెట్టండి.