గాజు ఇల్లు, పక్కన ఆర్ట్ గ్యాలరీ: రిపేర్ల కంటే ముందు ప్లాన్

మోడర్నిస్ట్ ఇల్లు (గాజు, స్టీలు, చదును పైకప్పులతో కట్టే ఇరవయ్యో శతాబ్దపు శైలి), దానితో పాటు ఒక గ్యాలరీ మీ ట్రస్టు చేతికొస్తే కారుతున్న చోటికల్లా కాంట్రాక్టర్‌ని పిలిచేయకండి. ముందు ఒక పేజీ రాయండి: ఇక్కడ ఏది మారకూడదు, ఏది మారినా ఫర్వాలేదు.

అమెరికాలోని న్యూ కేనన్‌లో ఆర్కిటెక్ట్ ఫిలిప్ జాన్సన్ 1949లో కట్టుకున్న గ్లాస్ హౌస్ సంగతే చూడండి. బయటి గోడలన్నీ గాజే, బాత్రూమ్ మాత్రం లోపల గుండ్రటి ఇటుక కట్టడంలో ఉంటుంది. పెయింటింగులకి 1965లో మట్టిదిబ్బ కింద గ్యాలరీ కట్టాడు, శిల్పాలకి 1970లో గాజు పైకప్పుతో ఇంకోటి. పెయింటింగులకి ఎంత వెలుతురు, శిల్పాలకి ఎంత అన్నది అక్కడ కట్టడంలోనే తేలిపోయింది, ఆ తేడాని చెరిపే ఏ మార్పూ మీ పేజీలో ఒప్పుకోకూడదు. 1930లలో జాన్సన్ నాజీలని సమర్థించిన చరిత్ర కూడా ఆ పేజీలో ఉండాల్సిందే, దాచి రాసిన ప్లాన్ నాకైతే నచ్చదు.

ఆ తర్వాత నీళ్లు. గ్లాస్ హౌస్‌కి ఎదురుగా ఉన్న బ్రిక్ హౌస్ నీటి దెబ్బకి ఏళ్లపాటు మూతపడి 2024లో గానీ తెరుచుకోలేదు. చదును పైకప్పు మీద వాన వెలిశాక నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో ప్రతిసారీ ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. స్టీలు ఫ్రేము కింది మూలలు దగ్గరగా చూడండి, పెయింట్ పొక్కులు లేస్తుంటే లోపల తుప్పు మొదలైనట్టే. తుప్పు ఉబ్బి అద్దాన్ని నెడుతుంది, చివరికి అద్దం పగిలాక అందరూ అద్దాన్నే తిడతారు. ఫ్రేము బాగు చేయకుండా గాజు మార్చడం డబ్బు దండగ. మార్చక తప్పకపోతే సేఫ్టీ గ్లాస్ పెట్టాల్సి రావచ్చు, అప్పుడు పాత పలక మందం, రంగు, తీసేసిన తేదీ రాసుకుని ఒక ముక్క దాచండి.

వెలుతురు విషయంలో ఊహలు వద్దు, లక్స్ మీటర్ (వెలుతురుని లక్స్ అనే కొలతలో చూపే పరికరం) కొనండి. ఆయిల్ పెయింటింగులకి మామూలుగా 200 లక్స్, కాగితం మీది బొమ్మలకి 50 దాటనివ్వరు, గాజు గోడ పక్కన పగటిపూట అది కుదిరే పని కాదు. అందుకే సున్నితమైనవి కిటికీల్లేని గదికి మార్చి, ఇంట్లో కాపీ పెట్టడం నయం. యూవీ ఫిల్మ్ (ఎండలోని అతినీలలోహిత కిరణాలని ఆపే పల్చటి పొర) గాజుకి అంటించేద్దాం అనే వాళ్లుంటారు, సరే, కానీ ముందు ఒక్క పలక మీదే వేసి పొద్దున, సాయంత్రం బయటి నుంచి ప్రతిబింబం చూడండి. కొన్ని ఫిల్ముల వల్ల గాజు వేడెక్కి చీలే ప్రమాదమూ ఉంది, గాజు రకం చెప్పి తయారీదారుని అడిగాకే అంటించండి.

బడ్జెట్లో పెద్ద రిపేరు నిధి వేరు, ఏటా తుడవడం, సీలెంట్ (సందులు మూసే పదార్థం), పెయింట్ ఖర్చు వేరు. రెండోదాన్ని ఏ ఏడాదీ కోయనివ్వకండి. ఈ ఫొటోలు, కొలతలు, తేదీలు ఎక్కించే లాగ్‌బుక్ ఒక కాపీ ఆ ఇంట్లో కాకుండా ఇంకోచోట పెట్టండి.