మేజ్ ముందు ఫైటర్ నిలబడాలంటే ముందు స్టాప్‌వాచ్ తీయండి

ఒంగోల్లో మేం నలుగురం ఖాళీ టైంలో ఒక చిన్న ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ నడుపుతున్నాం. అందులో దగ్గరికొచ్చి కత్తితో కొట్టేవాడు ఫైటర్, దూరం నుంచి మంత్రాలు వేసేవాడు మేజ్. ఆడేవాళ్లు పాతికమందికి మించరు, అంతా తెలిసినవాళ్లే, కాబట్టి తిట్లు కూడా నేరుగా ఫోన్‌కే వస్తాయి. మొదలుపెట్టిన నెలలోనే మా బాబాయి కొడుకు ఫోన్ చేసి "అన్నా, నీ ఫైటర్‌ని నువ్వే ఆడుకో, నేను మంత్రాల వైపు పోతున్నా" అన్నాడు. అందరూ చేసే పనే నేనూ చేశా, ఫైటర్ డ్యామేజ్, అంటే దెబ్బ బలం, 10 శాతం పెంచా. ఏం మారలేదు, మేజ్ చేతిలో ఓడటం ఆగలేదు. ఎందుకు మారలేదో అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

డ్యామేజ్ అంకెల జోలికి ముందే పోకండి. మా లెక్క చూడండి. ఫైటర్ హెల్త్ 1000, సెకనుకు 100 కొడతాడు. మేజ్ హెల్త్ 600, రెండు సెకన్లకో నిప్పు బంతి, ఒక్కోటి 150. మధ్య దూరం 30 మీటర్లు, ఫైటర్ పరుగు సెకనుకు 7 మీటర్లు. దగ్గరికి చేరడానికి 4.3 సెకన్లు, ఈలోపు రెండు బంతులు తగిలి 300 పోతుంది, ఆ తర్వాత ఆరు సెకన్లు కొడితే మేజ్ పని అయిపోతుంది. ఫైటరే గెలిచాడు. ఇప్పుడు మేజ్‌కి పరుగుని సగం చేసే స్లో మంత్రం ఒక్కటి, అదీ వేయడానికి టైం పట్టనిది, ఇవ్వండి. చేరడానికి 8.6 సెకన్లు, కొట్టడానికి ఆరు, అంటే 14.6వ సెకనుకి మేజ్ చావాలి. కానీ ఫైటర్ ప్రాణం తీసే ఏడో బంతి 14వ సెకనులోనే పడుతుంది. ఎవరి డ్యామేజూ మారకుండానే ఫలితం తిరగబడింది. ఫైటర్‌కి నేను పెంచిన ఆ 10 శాతం కలిపినా కూడా 14 సెకన్ల మీద ఒక రవ్వ ఆలస్యమే!

మా వైపు ఎడ్ల బండలాగుడు పోటీల్లో ఏ జతకి ఎంత బలముందని వాదించుకుంటూ కూర్చోరు, ఇచ్చిన టైంలో బండని ఎంత దూరం లాగిందో కొలుస్తారు. మీరూ అదే చేయండి. ఫైటింగ్ రికార్డ్ చేసి, మొత్తం టైంలో ఫైటర్ కత్తి అందే దూరంలో ఎన్ని సెకన్లు ఉన్నాడో రాసుకోండి. మావాడు సగం కూడా లేడు. అక్కడ ఎడ్ల పళ్లను, అంటే వయసుని, బట్టి విభాగాలు పెట్టినట్టే ఇక్కడ లెవెల్ 5కి, 20కి, 40కి విడివిడిగా కొలవాలి, ఎందుకంటే పైకి పోయేకొద్దీ ఫైటర్‌కి అంకెలు పెరుగుతాయి, మేజ్‌కి మాత్రం కొత్త కొత్త పనులు చేతికొస్తాయి.

ఈ జబ్బు పాతదే. 1974లో వచ్చిన, టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్‌లో మాంత్రికుడికి రోజుకి ఇన్ని మంత్రాలే అని కోటా ఉండేది, అది అయిపోతే ఫైటర్ వెనక నక్కాల్సిందే. ఆన్‌లైన్‌లో రోజు అనేదే లేదు కదా, కాసేపు కూర్చుంటే మానా, అంటే మంత్రాలకి ఖర్చయ్యే శక్తి, నిండిపోతుంది. అంటే కోటా పోయింది, మంత్రం మాత్రం అంతే బలంగా మిగిలింది. అందుకే ఖర్చుని ఫైటింగ్ లోపలికే తీసుకురావాలి. అదే గేమ్ 2014 ఎడిషన్‌లో చాలా మంత్రాలకి ఏకాగ్రత నియమం పెట్టారు, అలాంటివి ఒకసారికి ఒక్కటే నడుస్తుంది, దెబ్బ తగిలితే చెడిపోవచ్చు. నేను దాన్ని స్లోకి, కవచం మంత్రానికి పెట్టా.

ఫైటర్‌కి ఇవ్వాల్సినవి వేరే ఉన్నాయి. ఒకటి, 15 సెకన్లకోసారి 20 మీటర్లు దూకే అవకాశం. రెండోది, చదువుతున్న మంత్రాన్ని మధ్యలో ఆపే దెబ్బ. ఇది మాత్రం ఎవరు అడ్డం చెప్పినా ఇవ్వండి, ఎందుకంటే అప్పటిదాకా మేజ్‌కి ఫైటర్ అంటే భయమే ఉండదు. స్టన్ (కాసేపు కదలనివ్వనిది), స్లో లాంటివి వరసగా వేస్తే పనిచేసే టైం తగ్గాలి, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో స్టన్‌లకి చాలా ఏళ్లు ఉన్నట్టు మొదటిసారి పూర్తిగా, తర్వాత సగం, తర్వాత పావు, ఆపైన అసలు పనిచేయకూడదు.

నేను ఆలస్యంగా చూసుకున్నది పింగ్, అంటే మన ఫోన్ నుంచి సర్వర్‌కి కబురు వెళ్లి రావడానికి పట్టే టైం. మావాళ్లు సగంమంది సాయంత్రాలు మొబైల్ డేటా మీద ఆడతారు, 150 మిల్లీసెకన్లు మామూలే. ఆ టైంలో పరిగెత్తే మనిషి మీటరు పైన జరిగిపోతాడు. ఫైటర్ కత్తి అందేది రెండు మీటర్లే అయితే స్క్రీన్ మీద ఎదురుగా ఉన్నవాడు సర్వర్ లెక్కలో అక్కడ లేడన్నమాట. టార్గెట్ లాక్ చేసి దూరం నుంచి బంతి వేసే మేజ్‌కి ఈ టెన్షన్ లేదు. సర్వర్ వైపు కత్తి దూరాన్ని మూడు మీటర్లు చేస్తే సగం ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఏది మార్చినా వారానికి ఒక్కటే మార్చండి. టెస్టింగ్‌కి అదే ఇద్దరితో పది ఆటలు ఆడించి, పాత్రలు అటూ ఇటూ చేసి ఇంకో పది ఆడించండి, గెలుపు పాత్రదో ఆడేవాడిదో అప్పుడే తెలుస్తుంది. మా తమ్ముడు ఫైటర్‌గా పదికి మూడు గెలిచాడు, మేజ్ తీసుకున్నాక నాలుగు. వాడికి ఆ అంకెలు ఇంకా చూపించలేదు.