స్కాట్స్-ఐరిష్ వంశవృక్షం ఎక్కడ ఆగిపోతుంది: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా అల్లుడి తల్లి తరఫువారు ఐర్లండ్ ఉత్తరభాగమైన ఆల్స్టర్ నుంచి అమెరికా వచ్చిన ప్రెస్బిటేరియన్లు (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవారు); వీరినే స్కాట్స్-ఐరిష్ అంటారు. మనవరాలికి మా వైపు ఏడు తరాల పేర్లు రాసి ఇచ్చినప్పుడు, అటువైపు కాగితం మూడు తరాల దగ్గరే ఆగిపోవడం చూసి ఈ పనిలోకి దిగాను. ఆ తరువాత తెలిసినవారూ, వారికి తెలిసినవారూ, ముఖ్యంగా ఇక్కడి కుటుంబాలతో వియ్యమందిన తెలుగువారు, తమ వంశవృక్షాలు పంపి ఎక్కడ తప్పిందో చూడమని అడగడం మొదలుపెట్టారు. తప్పులు కొత్తవి కావు. చూడవలసినది చూడకపోవడం వల్ల వచ్చే పాత తప్పులే మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. 1850 జనాభా లెక్కల నుంచి 1790 దాకా వెనక్కి వెళ్ళడం, ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్రల వెబ్‌సైట్‌లో పాత కోర్టు పుస్తకాల ఫొటోలు తెరిచి చదవడం మీకు వచ్చుననే భావించి రాస్తున్నాను.

సమస్య: ఓడ ప్రయాణికుల జాబితాలో పేరు లేదు

ఉండదు. 1718 నుంచి 1775 దాకా బెల్‌ఫాస్ట్, లండన్‌డెరీ, న్యూరీ, లార్న్ రేవుల నుంచి ఫిలడెల్ఫియాకూ డెలవేర్‌లోని న్యూకాజిల్‌కూ వచ్చినవారు బ్రిటిష్ రాజు ప్రజలే కనుక వారి పేర్లు రాసిపెట్టవలసిన అవసరం ప్రభుత్వానికి లేకపోయింది. పెన్సిల్వేనియాలో 1727 నుంచి కనిపించే జాబితాలు జర్మన్ల వంటి పరదేశీయులవి. సౌత్ కరొలైనా 1761 చట్టం కింద ప్రయాణ సహాయం పొందినవారి పేర్లు అక్కడి కౌన్సిల్ పుస్తకాలలో దొరుకుతాయి, అది మినహాయింపు. కాబట్టి ఓడ వెతకడం మాని, నేల మీద తొలి ఆనవాలు వెతకాలి.

సమస్య: కుటుంబం ఒక ఏడాది ఉన్నట్టుండి కనిపించి, మరో ఏడాది మాయమవుతోంది

కుటుంబం కదిలి ఉండకపోవచ్చు, కౌంటీ (మన జిల్లా వంటిది) హద్దు కదిలి ఉండవచ్చు. ఇది అందరూ మొట్టమొదట చూడవలసిన సంగతి, అందరూ వదిలేసే సంగతి కూడా ఇదే. నేటి వర్జీనియాలో నాచురల్ బ్రిడ్జ్ ఉన్న చోట ఒక రైతు 1742లో గుడిసె వేసుకుని, చనిపోయేదాకా అక్కడి నుంచి అడుగు కదపలేదని అనుకుందాం. ఆయన కాగితాలు 1745 దాకా ఆరెంజ్ కౌంటీలో, ఆ తరువాత ఆగస్టాలో, 1770 నుంచి బోటెటోర్ట్‌లో, 1778 నుంచి రాక్‌బ్రిడ్జ్‌లో ఉంటాయి. ఒక్క గుమ్మం, నాలుగు కోర్టులు. రాక్‌బ్రిడ్జ్‌లో మాత్రమే వెతికినవారు "మా పూర్వీకుడు 1778లో వచ్చాడు" అని ధీమాగా రాస్తారు. ఫిన్‌కాజిల్ అనే కౌంటీ అయితే 1772లో పుట్టి 1776లో రద్దయింది. దాని పుస్తకాలు నేటికీ మాంట్‌గోమరీ కౌంటీ కోర్టు దగ్గర ఉన్నాయి. నార్త్ కరొలైనాలో రోవన్ 1753లో ఆన్సన్ నుంచి విడిపోయింది. 1772లో రెండు కరొలైనాల మధ్య గీత గీసినప్పుడు, అంతకుముందు నార్త్ కరొలైనా పట్టాలు పొందినవారు కొందరు నిలుచున్న చోటే సౌత్ కరొలైనా వారయ్యారు.

పరిష్కారం ఐదు నిమిషాల పని. భూమి ఉన్న స్థలాన్ని నేటి పటంలో గుర్తించి, ఆ స్థలం ఏ సంవత్సరంలో ఏ కౌంటీ కిందికి వచ్చిందో ఒక చీటీ మీద రాసుకుని, ఆ చీటీ ఎదురుగా పెట్టుకుని వెతకాలి. ఈ చీటీ లేకుండా నా దగ్గరికి వచ్చిన వంశవృక్షాన్ని నేను చదవడం మానేశాను.

సమస్య: అన్నీ సరిపోతున్నాయి, ఒకటి రెండు విషయాలు మాత్రం కొంచెం వింతగా ఉన్నాయి

ఆగిపోయిన చెట్టు కంటే ఇది ప్రమాదకరం. పూర్వీకుడు దొరికాడు, భూమి దొరికింది, వీలునామా దొరికింది. అయితే ఆయన మూడుసార్లు పెళ్ళి చేసుకున్నట్టు, అరవై మైళ్ళ దూరంలో ఉన్న రెండు వాగుల దగ్గర ఒకేసారి వ్యవసాయం చేసినట్టు, పదిహేనేళ్ళకే తండ్రి అయినట్టు లెక్క తేలుతుంది. అటువంటప్పుడు మనం సర్దిచెప్పుకుంటాం. మొదటి భార్య పోయి ఉంటుంది, రెండో భూమి కౌలుకిచ్చి ఉంటాడు, పుట్టిన సంవత్సరం తప్పు పడి ఉంటుంది అనుకుంటాం. అసలు కారణం చాలాసార్లు ఒక్కటే: మీ చేతిలో ఉన్నది ఒక మనిషి కాదు, ఒకే పేరుగల ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు.

ఇందులో ఆశ్చర్యపోవలసినది లేదని తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. ఆల్స్టర్ వారిలో చాలా కుటుంబాలు మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టుకునేవి. తాత జేమ్స్‌కు ముగ్గురు కొడుకులుంటే, ముగ్గురూ తమ పెద్దకొడుక్కి జేమ్స్ అని పెడితే, ఒకే ఇంటిపేరుతో, ఇంచుమించు ఒకే వయసులో, ఒకే వాగు పక్కన ముగ్గురు జేమ్స్‌లు తయారవుతారు. మన ఊళ్ళలో తాత పేరు పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలను పెద్ద సుబ్బయ్య, చిన్న సుబ్బయ్య, చెరువుగట్టు సుబ్బయ్య అని పిలుచుకున్నట్టే, అక్కడి గుమాస్తాలు కూడా సీనియర్ అనో, జూనియర్ అనో, నేతపనివాడనో, ఫలానా వాగువాడనో పేరు పక్కన రాసేవారు. కొత్తవారు దెబ్బతినేది ఇక్కడే. ఆనాటి కాగితాలలో సీనియర్, జూనియర్ అంటే తండ్రీకొడుకులని అర్థం కాదు. ఆ చుట్టుపక్కల అదే పేరున్నవారిలో పెద్దవాడు, చిన్నవాడు అని మాత్రమే. బాబాయి, అబ్బాయి కావచ్చు, అసలు చుట్టరికమే లేకపోవచ్చు. పెద్దాయన చనిపోయినా, వలస వెళ్ళిపోయినా మొన్నటి జూనియర్ రేపటి సీనియర్ అవుతాడు. పెద్ద సుబ్బయ్య పోయాక చిన్న సుబ్బయ్యను ఇంకా చిన్న అనేవారెవరు?

ఇంత తెలిసీ నేను ఎనిమిది నెలలు ఒక తప్పు మనిషిని వెంటపెట్టుకుని తిరిగాను. మా అల్లుడి పూర్వీకుడు జేమ్స్ 1755లో ఒక పొలం అమ్మినప్పుడు భార్య జీన్, 1768లో మరో పొలం అమ్మినప్పుడు భార్య మార్గరెట్. రెండో పెళ్ళి అని రాసుకుని ముందుకు వెళ్ళాను, మార్గరెట్ పుట్టింటివారిని కూడా పట్టుకున్నాను. ఒకరోజు మరేదో వెతుకుతూ ఆ రెండు దస్తావేజులను పక్కపక్కన తెరిచాను. 1755 నాటి కాగితం చివర జేమ్స్ అన్న మాటకూ ఇంటిపేరుకూ నడుమ గుమాస్తా ఒక చిన్న వంకర గీత వేసి, దానికి పైనా కిందా "అతని గుర్తు" అని రాశాడు. అంటే ఆయనకు సంతకం రాదు, మన వేలిముద్ర వంటిది. 1768 నాటి కాగితం చివర గుర్తు లేదు, సంతకం చేసినట్టే నకలు తీశారు. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాడని నాకు నేను చెప్పుకోబోయి, సిగ్గుపడి ఆగిపోయాను. నెల తిరగకుండానే ఇద్దరూ విడివిడిగా తేలారు. జీన్ భర్త 1761కి ముందే చనిపోయాడు. మార్గరెట్ పుట్టింటివారి మీద నేను పెట్టిన మూడు నెలలు ఇంకెవరి మనవరాలికో పనికివస్తాయి.

పరిష్కారం చెబుతాను, ఇందులో దగ్గరిదారి లేదు. ముందు పేరు వదిలి భూమిని పట్టుకోవాలి. ఆ పేరుతో ఆ ప్రాంతంలో కనిపించిన ప్రతి కాగితాన్నీ తేదీల వరుసలో రాసుకుని, ఏదీ ఎవరిదో అప్పుడే నిర్ణయించకుండా, ప్రతి పొలానికీ ఒక పేజీ కేటాయించాలి. ఎన్ని ఎకరాలు, ఏ వాగు మీద, హద్దుల్లో ఎవరెవరు, ఎప్పుడు ఎవరి దగ్గర కొన్నాడు, ఎప్పుడు ఎవరికి అమ్మాడు, అమ్మేటప్పుడు తన హక్కు వదులుకున్న భార్య ఎవరు, సంతకమా గుర్తా అన్నవి ఆ పేజీలో రావాలి. భర్త ఆస్తిలో మూడో వంతు మీద వితంతువుకు జీవితకాలపు హక్కు ఉండేది కనుక, కొనేవాడు జాగ్రత్తపరుడైతే భార్య ఒప్పుదలను రాయించుకునేవాడు. మనకు ఆమె పేరు అక్కడే దొరుకుతుంది. అన్ని పేజీలూ నిండాక లెక్క చూడండి. కొన్న దాఖలా లేని పొలాన్ని ఒకడు అమ్మినా, అమ్మేసిన పొలం మీద ఇంకా పన్ను కడుతున్నా అక్కడ రెండో మనిషి ఉండే అవకాశం ఎక్కువ.

కొన్న దాఖలా లేకుండా అమ్మిన చోట వర్జీనియాలో మరొక మెలిక ఉంది. 1787లో కొత్త వారసత్వ చట్టం అమల్లోకి వచ్చేదాకా, వీలునామా రాయకుండా చనిపోయినవాడి భూమి మొత్తం పెద్దకొడుక్కే పోయేది, దానికి ఏ దస్తావేజూ పుట్టేది కాదు. తండ్రి జేమ్స్ 1749లో కొన్న పొలాన్ని కొడుకు జేమ్స్ 1774లో అమ్మితే పుస్తకంలో జేమ్స్ కొన్నాడు, జేమ్స్ అమ్మాడు అని మాత్రమే కనిపిస్తుంది. మధ్యలో జరిగిన చావు కాగితం మీదికి రాదు. అదృష్టం బాగుంటే 1774 దస్తావేజులో "చట్టరీత్యా వారసుడు" అన్న రెండు మాటలు ఉంటాయి. అచ్చువేసిన సంక్షిప్తాలలో మొదట రాలిపోయేవి ఇటువంటి మాటలే. ఆగస్టా కోర్టు రికార్డుల సంక్షిప్తాలు 1912లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి; వాటిని విషయసూచికగా వాడుకోండి, సాక్ష్యంగా మాత్రం వాడకండి. పుస్తకం ఫొటో తెరిచి చివరి పంక్తి దాకా చదవండి.

మనుషులను విడదీయడానికి ఇరుగుపొరుగువారు బాగా పనికివస్తారు. వర్జీనియాలో ప్రతి నాలుగేళ్ళకొకసారి పొలాల హద్దుల వెంట నడిచి గుర్తులు చూసే పద్ధతి ఉండేది. ఆగస్టా పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పుస్తకంలో ఆ నడక ప్రకారం పేర్లు వరుసగా ఉంటాయి. ఒక జేమ్స్ పక్కన ఎప్పుడూ ఒకే నలుగురు, ఇంకో జేమ్స్ పక్కన వేరే నలుగురు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. దస్తావేజులకు సాక్షులూ, అప్పులకు జామీనుదార్లూ సాధారణంగా బావమరుదులో వియ్యంకులో అయి ఉంటారు, వారినీ ఆ పేజీలోనే రాసుకోండి.

ఇద్దరని తొందరపడి తేల్చే ముందు మూడు విషయాలు చూడాలి. మొదటిది, 1752కి ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కనుక 1748 నవంబరు తరువాత వచ్చేది 1748 ఫిబ్రవరి. ఫిబ్రవరిలో చనిపోయినవాడు నవంబరులో పొలం కొన్నాడని గాభరా పడకండి. రెండోది, ఒక రోజు ఐదు షిల్లింగులకు కౌలు, మరుసటి రోజు అసలు ధరకు విడుదల అని జంటగా కనిపించే దస్తావేజులు రెండు బేరాలు కావు, ఒకే అమ్మకాన్ని ఆనాటి వకీళ్ళు రాసిన పద్ధతి. వాటిని విడివిడిగా లెక్కపెడితే లేని కౌలుదారు పుట్టుకొస్తాడు. మూడోది, స్పెల్లింగు. కెర్ అన్న ఇంటిపేరును కార్ అని పలికేవారు, గుమాస్తా వినిపించినట్టు రాశాడు. కొకూన్ చివరికి కల్హూన్ అయ్యింది. మెక్ ఉన్న పేర్లను మెక్ తీసేసి కూడా వెతకాలి.

డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే తేలిపోదా అని అడుగుతారు. తండ్రి నుంచి కొడుక్కి మగసంతతి వరుసలో వచ్చే వై క్రోమోజోమ్ పరీక్ష ఇద్దరు జేమ్స్‌లు వేర్వేరు వంశాలవారైతే చక్కగా చెబుతుంది. వారు అన్నదమ్ముల పిల్లలైతే ఇద్దరిదీ ఒకే తాత వై కనుక మామూలు పరీక్షకు తేడా కనిపించదు. మనకు చిక్కు వచ్చేది ఎక్కువగా ఆ రెండో సందర్భంలోనే.

సమస్య: ప్రభుత్వ భూమి పట్టా లేదు, పెళ్ళి నమోదు లేదు

పట్టా లేకపోతే ప్రభుత్వం దగ్గర కాక పెద్ద భూస్వామి దగ్గర కొన్నాడేమో చూడండి. వర్జీనియాలోని షెనండోవా లోయలో విలియం బెవర్లీకి 1736లో 1,18,491 ఎకరాలు, బెంజమిన్ బోర్డెన్‌కు 1739లో 92,100 ఎకరాలు దక్కాయి. ఆ నేల మీద ఇళ్ళు కట్టుకున్నవారు వారి దగ్గరే కొన్నారు, అందువల్ల ఆ కాగితాలు కౌంటీ దస్తావేజుల పుస్తకాలలో ఉంటాయి. నార్త్ కరొలైనా ఉత్తర భాగానికి భూస్వామి అయిన లార్డ్ గ్రాన్‌విల్ 1763లో చనిపోయాక ఆయన భూమి కార్యాలయం మూతపడింది. 1778లో రాష్ట్రం తెరిచేదాకా అక్కడ కొత్త పట్టాలే లేవు. పెళ్ళి సంగతికి వస్తే, వర్జీనియాలో 1780 చట్టం వచ్చేదాకా ప్రెస్బిటేరియన్ పాదిరి చేసిన పెళ్ళికి చట్టం దృష్టిలో విలువ లేదు. పుస్తకంలో లేనంత మాత్రాన పెళ్ళి జరగలేదనుకోకండి, మామగారి వీలునామాలో అల్లుడి పేరు వెతకండి.

సమస్య: ఐర్లండ్‌లో ఏమీ దొరకడం లేదు

తొందరపడి సముద్రం దాటారు. ఊరి పేరు, కనీసం పారిష్ పేరు తెలియకుండా ఆల్స్టర్‌లో జాన్ క్యాంప్‌బెల్ కోసం వెతకడం గోదావరి జిల్లాల్లో సత్యనారాయణ కోసం వెతకడమే. పైగా 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల కార్యాలయం తగలబడి చాలా పోయాయి. 1740 నాటి ప్రొటెస్టెంట్ గృహస్థుల జాబితా, 1766 నాటి మత గణన నకళ్ళుగా, ముక్కలుగా మిగిలాయి. 1708 నుంచి ఉన్న డబ్లిన్ దస్తావేజుల రిజిస్ట్రీ మాత్రం భద్రంగా ఉంది. అమెరికాలో సమాధిరాయి మీదా, వీలునామాలో "ఐర్లండ్‌లో ఉన్న నా తమ్ముడికి" అన్న వాక్యంలోనూ, వెంట వచ్చిన ఇరుగుపొరుగువారి కాగితాల్లోనూ ఊరి పేరు దొరికేదాకా ఆగండి.

ఇక అరుదైనవి. పేరు పూర్తిగా మార్చుకున్నాడనేది, ఆదివాసులు ఎత్తుకుపోయారనేది, ముగ్గురు అన్నదమ్ములు కలిసి వచ్చి తలో దిక్కుకూ పోయారనేది వినడానికి బాగుంటాయి, నాకు కాగితాల్లో దాదాపుగా తగలలేదు. కోర్టు తగలబడి రికార్డులన్నీ పోయాయనే మాటను కూడా అడగకుండా నమ్మవద్దు. ఆగస్టా గురించి నాకు ముగ్గురు అలా చెప్పారు. ఆ పుస్తకాలు 1745 నుంచి భద్రంగా ఉన్నాయి.